మొదటి నమ్మకానికి పూచీ ఎవరిది?

ముదిగుబ్బ మండలంలో వేరుశనగ వేసే రైతు పంట అప్పుకని బ్యాంకుకు వెళ్తే భూమి పత్రాలైన వన్‌బీ నకలు, అడంగల్ అడుగుతారు. 2011లో మీసేవ వచ్చినప్పటి నుంచి ఇలాంటి పత్రాల మీద సిరా సంతకం పోయి డిజిటల్ సంతకం వచ్చింది. బ్యాంకు గుమస్తా ఆ కాగితాన్ని ఎందుకు నమ్ముతాడు? కింద సంతకం ఉంది కాబట్టి. సంతకాన్ని ఎందుకు నమ్మాలి? ఆ సంతకం పెట్టడానికి వాడిన తాళానికి ఒక ధ్రువీకరణ సంస్థ పూచీ పడింది కాబట్టి. ఆ సంస్థకు ఎవరు పూచీ? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ కార్యాలయం. కంట్రోలర్ మూల ధ్రువపత్రానికి వచ్చేసరికి మాత్రం పైన ఇంకెవరూ లేరు. దాని మీద ఉన్న సంతకం దానిదే. కాగితం పట్టుకుని పైకి ఎక్కితే తేలే గొలుసు ఇది. యంత్రం పట్టుకుని కిందికి దిగితే ఇంకో గొలుసు ఉంది. ఆ నకలు పంపిన సర్వరు నిన్న రాత్రి ఆగి మళ్లీ లేచి ఉంటే, లేచింది పాత సర్వరేనని, మధ్యలో ఎవరూ దూరలేదని చెప్పేది ఎవరు? రైతుకు ఈ ప్రశ్న రాదు, రావలసిన అవసరమూ లేదు. సర్వరు నడిపేవాడికి రాక తప్పదు. అతడికి వచ్చే రూపంలో అది తాళాలకూ ఫైళ్లకూ సంబంధించిన ప్రశ్న. దాన్ని చివరిదాకా లాగితే మాత్రం మన దర్శనకారులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న ప్రశ్న దగ్గరికే వెళ్తుంది: దేన్నైనా నమ్మడానికి ముందు నమ్మవలసిన మొదటిదాన్ని దేని ఆధారంతో నమ్మాలి?

ముందు యంత్రం సంగతి. కరెంటు తగలగానే ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు. తనకు ముందే నిర్ణయించిన ఒక చిరునామా నుంచి సూచనలు చదవడం మొదలుపెడుతుంది. అక్కడ ఉండేది ఫర్మ్‌వేర్. పాత పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్కులోని మొదటి 512 బైట్లు తెచ్చి అప్పజెప్పేది. అందులో 446 బైట్లు కోడు, 64 బైట్లు డిస్కు విభాగాల పట్టిక, చివరి 2 బైట్లు ఇది బూట్ అయ్యే డిస్కేనని చెప్పే గుర్తు. ఆ గుర్తు ఉంటే చాలు, ఫర్మ్‌వేర్ మరో మాట అడగకుండా పగ్గాలు ఇచ్చేసేది. ఇప్పటి యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో సెక్యూర్ బూట్ పెడితే ప్రతి మెట్టు దగ్గరా సంతకం చూస్తారు. ఫర్మ్‌వేర్‌లో ఉన్న మైక్రోసాఫ్ట్ తాళంతో షిమ్ అనే చిన్న ప్రోగ్రామును, షిమ్‌లో ఉన్న డెబియన్ లేదా రెడ్ హ్యాట్ తాళంతో గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను, ఆ తర్వాత లినక్స్ కెర్నల్‌ను యంత్రం సరిచూసుకుంటూ వస్తుంది. కెర్నల్ లేచాకే పాస్‌వర్డులు, అనుమతులు, ఫైర్‌వాల్ వగైరా చట్టమంతా అమల్లోకి వస్తుంది. అందుకే తాళం వేయని గ్రబ్ మెనూలో కెర్నల్ వరసకు ఒక చిన్న మాట చేర్చగలిగినవాడు పాస్‌వర్డు అడగకుండానే సర్వాధికారాలున్న రూట్ అయి కూర్చోగలడు. పాస్‌వర్డుల ఫైలు డిస్కులో భద్రంగానే ఉంటుంది. దాన్ని చదివేవాడే ఇంకా నిద్ర లేవలేదు.

ఒకదానికి ఇంకొకటి ఆధారం, దానికి మరొకటి అంటూ పోతే ఏమవుతుందో న్యాయదర్శనం చదివినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆగకుండా పోతే అనవస్థ. తిరిగి మొదటికే వస్తే చక్రకం. తనకు తానే ఆధారమంటే ఆత్మాశ్రయం. మూడూ దోషాలే. ఇంజినీర్లు గొలుసును ఎక్కడో ఒకచోట ఆపి దానికి మూలవిశ్వాసమని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన దోషం పోదు. నా అభిప్రాయం ఇది: ఆ మొదటి మెట్టు దగ్గర రుజువు దొరకదు, యంత్రంలోనూ దొరకదు, మతంలోనూ దొరకదు. దొరకగలిగింది పూచీ. పరీక్షకు నిలబడుతూ, తప్పు తేలితే జవాబు చెప్పేవాడు ఒకడు ఉండటం. రుజువు లేకుండా మొదలుపెట్టినందుకు ఏ విశ్వాసాన్నీ తప్పు పట్టక్కర్లేదు; పూచీదారు లేకుండా చేసుకున్నందుకు పట్టాలి.

దీనికి నైయాయికుడు వెంటనే అడ్డు చెబుతాడు. రుజువు ఎందుకు దొరకదు, ఫలితమే రుజువు అంటాడు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ పక్షాన్నే నిలబెట్టాడు. జ్ఞానం నిజమైనదని దానంతట అదే తెలియదు, వేరే దాని ద్వారా తెలుస్తుంది. నీళ్లున్నాయనుకుని వెళ్లాం, దాహం తీరింది, కనుక ఆ జ్ఞానం సరైనదే. ప్రతి జ్ఞానాన్నీ ఇలా పరీక్షించాలా అంటే అక్కర్లేదు, సందేహం వచ్చినదాన్నే పరీక్షిస్తాం, కాబట్టి అనవస్థ లేదు. ఎంతో లోకజ్ఞానమున్న సమాధానం. సర్వరు నడిపేవాడు రోజూ చేసేది ఇదే: గ్రబ్ సెట్టింగులు మార్చాడు, రీబూట్ కొట్టాడు, లాగిన్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నాడు. చిక్కేమిటంటే దొంగ పెట్టిన బూట్‌లోడర్ కూడా లాగిన్ తెప్పిస్తుంది. 2024 నవంబరులో ఈసెట్ సంస్థ బయటపెట్టిన బూట్‌కిట్టీ లినక్స్‌కు గురిపెట్టిన మొదటి యూఈఎఫ్‌ఐ బూట్‌కిట్. దక్షిణ కొరియాలో శిక్షణలో ఉన్న విద్యార్థులు నమూనాగా తయారుచేశారని తర్వాత తేలింది. అది పనిచేసే తీరు ఇది. గ్రబ్‌లోనూ కెర్నల్‌లోనూ సంతకాలు చూసే చోట్లను మెమరీలో మార్చేస్తుంది, ఆ తర్వాత ఉబుంటు లినక్స్‌ను మామూలుగానే లేపుతుంది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, కెన్ థాంప్సన్ ఇంతకన్నా లోతైన మోసాన్ని చూపించాడు. లాగిన్ ప్రోగ్రాములో దొడ్డిదారి పెట్టే కంపైలరు, తనను మళ్లీ కంపైల్ చేసినప్పుడు ఆ గుణాన్ని తన వారసుడికీ ఎక్కిస్తుంది. మూలకోడు చదివితే మచ్చ కూడా కనబడదు. ఫలితం సరిగ్గా వచ్చింది కనుక మూలం మంచిదే అనడం ఇక్కడ చెల్లదు. గుడి దగ్గరా చెల్లదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే ఈ సీమలో, మొక్కుకున్నాక పడిన వానను దేవుడికి సాక్ష్యంగా చూపించేవాడు, మొక్కుకున్నా పడని ఏళ్లను ఏ ఖాతాలో రాస్తాడు?

ఆంధ్రదేశంతో పేరు ముడిపడిన బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు ఇంకా కఠినంగా అడిగాడు. విగ్రహవ్యావర్తనిలో ఆయన పట్టిన పట్టు ఇది: మీ ప్రమాణాలు వేరే ప్రమాణాలతో సిద్ధిస్తాయంటే అంతు లేదు, ఏ ప్రమాణమూ లేకుండా సిద్ధిస్తాయంటే మీ సిద్ధాంతమే పోయింది. దీనికి న్యాయసూత్రాల్లో ఒక చక్కని జవాబు ఉంది, తక్కెడ జవాబు. తక్కెడతో బంగారం తూస్తాం. ఆ తక్కెడ మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారంతో తక్కెడనే పరీక్షిస్తాం. కొలిచేదే ఇంకోసారి కొలవబడేది అవుతుంది. వేరుశనగ బస్తాలు తూకానికి పెట్టే రైతుకు ఇది బాగా అర్థమవుతుంది. కాటా మీద నమ్మకం లేకపోతే ముందే తూచిన బస్తాను మళ్లీ పెట్టి చూస్తాడు. ఆ కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. శాఖ వాడే రాళ్లకు ఆపైన రాళ్లున్నాయి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కిలోగ్రాము 57వ నంబరు నకలు ఉంది, దానికీ పైన పారిస్ దగ్గరి సెవ్రెలో 1889 నుంచి ఒక లోహపు స్తూపం ఉంది. 2019 దాకా ఆ స్తూపం బరువు తప్పడానికి వీల్లేదు. ఎందుకంటే దాని బరువే కిలో అని అప్పటి నిర్వచనం. నకళ్లతో పోల్చినప్పుడు వందేళ్లలో 50 మైక్రోగ్రాముల మేర తేడా కనిపించింది. అరిగింది అదా, పెరిగినవి ఇవా అని అడిగితే నిర్వచనం ప్రకారం పెరిగినవి ఇవే. ఈ వింతను మనుషులు ఎలా వదిలించుకున్నారంటే, కూర్చుని మాట్లాడుకుని, 2019 మే 20 నుంచి ఆ స్తూపాన్ని గద్దె దింపి ప్లాంక్ స్థిరాంకాన్ని కూర్చోబెట్టారు. మూలం మారింది, మార్కెట్లో ఒక్క కాటా కూడా ఆగలేదు. నాగార్జునుడి ప్రశ్నకు ఇది తార్కికమైన సమాధానం కాదని ఒప్పుకోవాలి. తర్కంలో ఆయన గెలిచే ఉన్నాడు. కానీ మూలాన్ని ఎవరు, ఏ కారణంతో, ఎలా మార్చారో బహిరంగంగా ఉన్నచోట ఆ ఓటమి వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

మీమాంసకుల దారి వేరు. వాళ్లకు జ్ఞానం స్వతహాగానే ప్రమాణం, దోషం కనబడితేనే దాన్ని తోసిపుచ్చాలి. మాటలో దోషం ఎక్కడి నుంచి వస్తుంది? చెప్పినవాడి అజ్ఞానం నుంచో, ఆశ నుంచో. వేదానికి చెప్పినవాడే లేడు, అపౌరుషేయం. కనుక దోషం దూరే సందే లేదు. యంత్రాల్లో దీనికి దగ్గరగా వచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. ఇంటెల్ బూట్ గార్డ్‌లో యంత్ర తయారీదారు తాళపు ముద్రను ఫ్యాక్టరీలోనే చిప్‌సెట్ ఫ్యూజుల్లో కాల్చేస్తారు. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు, ఆఖరికి తయారుచేసినవాళ్లు కూడా. ఎవరి చెయ్యీ పడదు కనుక ఎవరి దోషమూ అంటదన్న అదే ధీమా. 2023లో ఎంఎస్‌ఐ సంస్థ మీద దాడి జరిగి ఆ రహస్య తాళాల్లో కొన్ని బయటికి పొక్కాయి. మామూలు తాళమైతే రద్దు చేసి కొత్తది పెట్టేవాళ్లు. ఇక్కడ ఫ్యూజు కాలిపోయింది, మార్చడానికి ఏమీ లేదు. మీమాంసకుడు దీన్ని ఒప్పుకోడని తెలుసు: ఫ్యూజును మనిషే కాల్చాడు, వేదాన్ని ఎవరూ రాయలేదు, రెంటికీ పోలికేమిటి అంటాడు. న్యాయమైన అభ్యంతరమే. నేను పోల్చేది వాటి మూలాలను కాదు, వాటితో మనకుండే సంబంధాన్ని. రాసినవాడు లేని మాటలో తప్పు లేకపోవచ్చు. కానీ దాని అర్థం చెప్పేది ఎప్పుడూ మనుషులే, వాళ్ల అర్థం వల్ల ఎవరికైనా అన్యాయం జరిగితే అపౌరుషేయమన్న మాట వెనక్కి తప్పుకోవడం చాలా తేలిక. నైయాయికులు వేదానికి ఈశ్వరుణ్ణి కర్తగా నిలబెట్టడంలో నాకు నచ్చేది ఇదే. అందుకు వాళ్లిచ్చే తర్కం ఎంత బలహీనమైనదైనా, మాటకు ఒక యజమాని ఉండాలని పట్టుబట్టారు.

ఈ సీమకు దగ్గరి మనిషి ఒకడు ఈ రెండు పక్షాల మధ్య నుంచి వేరే దారి తీశాడు. విజయనగర ఆస్థానంలో గౌరవం పొందిన వ్యాసరాయలు, 1539లో ఆనెగొంది దగ్గరి నవబృందావనంలో బృందావనస్థుడైన ద్వైతాచార్యుడు. గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి ఆంజనేయుణ్ణి ఆయనే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. 1565 యుద్ధం తర్వాత పెనుకొండ రాజధాని అయినప్పటికి ఆయన లేడు, కానీ ఈ సీమలో ఆయన పేరు ఆంజనేయుడి గుళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. ఆయన తర్కతాండవం పేరు మాత్రం పండితుల బయట వినబడదు. గంగేశుడి నవ్యన్యాయం మీద యుద్ధం ప్రకటించిన ఆ గ్రంథంలో ప్రామాణ్యం గురించి ఆయన చెప్పేది మధ్వ సంప్రదాయపు సాక్షి సిద్ధాంతం. జ్ఞానం కలిగిందని, అది సరైనదని గ్రహించేది లోపలి సాక్షి. అడ్డు లేనప్పుడు వెంటనే గ్రహిస్తుంది. సందేహం అడ్డొస్తే పరీక్ష కావాలి. ఆ పరీక్షకు మళ్లీ పరీక్ష అంటూ పోకుండా ఆపేది కూడా సాక్షే, ఎందుకంటే చాలు, తేలిపోయింది అని ఎవరో ఒకరికి అనిపించకపోతే ఏ పరీక్షా ముగియదు. ఇందులో గమనించవలసింది, గొలుసు చివర ఇంకో గొలుసుముక్క లేదు, చూసేవాడు ఉన్నాడు.

లినక్స్ బూట్ గొలుసులోనూ అచ్చం అలాంటి చోటు ఒకటి ఉంది. సొంతంగా కట్టుకున్న కెర్నల్ మాడ్యూలు వాడాలంటే యజమాని తన తాళాన్ని షిమ్‌కు పరిచయం చేయాలి. నడుస్తున్న సర్వరులో మోక్‌యుటిల్ ఆదేశంతో దరఖాస్తు పెట్టి, ఒక్కసారికి పనికొచ్చే పాస్‌వర్డు ఇవ్వాలి. అంతే, అక్కడ ఆగిపోతుంది. నడుస్తున్న సిస్టమ్‌లో ఎంత అధికారమున్నా తాళం అప్పటికప్పుడు చేరదు. మళ్లీ బూట్ అయ్యేటప్పుడు, లినక్స్ లేవకముందే, నీలం తెర ఒకటి వస్తుంది. ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు లెక్క పెడుతుంది. నొక్కకపోతే దరఖాస్తు పక్కన పెట్టేసి తన దారిన తాను లేస్తుంది. నొక్కితే తాళం చేర్చనా అని అడిగి, ఇందాకటి పాస్‌వర్డు చెప్పమంటుంది. గణితం మీద నిలబడ్డ ఇంత పెద్ద కట్టడం, అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి యంత్రం ముందు నిలబడ్డ మనిషి కోసం చూస్తుంది. ఇంతకన్నా వివేకమైన రూపకల్పన చేయలేరని నా నమ్మకం.

అయితే పోలిక ఇక్కడ తెగుతుంది, తెగనివ్వాలి. ద్వైతుల సాక్షి పొరబడదు. మీట నొక్కే మనిషి నిద్రమత్తులో ఉండొచ్చు, డబ్బు తీసుకుని ఉండొచ్చు. పైగా డేటా సెంటర్‌లోని సర్వరు ముందు ఎవరూ నిలబడరు. ధర్మవరంలో కూర్చున్న ఇంజినీరు హైదరాబాదులోని సర్వరుకు నెట్‌వర్క్ కన్సోల్ తెరిచి మీట నొక్కుతాడు, ఎదురుగా మనిషి ఉన్నాడన్నది అప్పుడు మర్యాదకు అనుకునే మాటే. భద్రతా నిపుణుడు అనేది ఇదే: యజమాని మార్చగలిగిన మూలాన్ని దొంగ కూడా మార్చగలడు, అందుకే కాల్చేసిన ఫ్యూజే మేలు. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదనుకుంటాను, ఎందుకంటే రెండు భయాలూ నిజమైనవే. కానీ ఎటు తప్పినా ఏమవుతుందో వేరు చేసి చూడాలి. మనిషి మీట నొక్కి తప్పు చేస్తే ఎవరు నొక్కారన్న ప్రశ్నకు అర్థముంది, తాళం తీసేయడానికి దారి ఉంది. ఫ్యూజు తప్పయితే అడగడానికి ఎవరూ లేరు, ఆ యంత్రం పాతసామాను కొట్టుకు పోయేదాకా తప్పు దానితోనే ఉంటుంది. మీట నొక్కే సాక్షి సత్యానికి హామీ ఇవ్వలేకపోవచ్చు. జవాబుదారీకి మాత్రం చోటిస్తాడు, నేను పూచీ అంటున్నది దాన్నే.

సంతకం విషయంలోనూ మనం ఇదే తికమక పడతాం. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడు కావాలి, అంటే విషయం తెలిసినవాడూ ఉన్నదున్నట్టు చెప్పేవాడూ. సంతకం చెప్పేది ఎవరు పంపారన్నదొక్కటే. పంపినవాడికి విషయం తెలుసో లేదో అది చెప్పదు. 2020 జులై 29న బయటపడ్డ బూట్‌హోల్ అనే లోపం దీనికి మంచి ఉదాహరణ. గ్రబ్ మీద సంతకాలన్నీ సక్రమమే. కానీ గ్రబ్ చదివే సెట్టింగుల ఫైలు మీద సంతకం ఉండదు, అది అడ్మిన్ తయారుచేసుకునే మామూలు అక్షరాల ఫైలు. అందులో హద్దుకు మించి పొడవైన మాట ఒకటి పెడితే గ్రబ్ తడబడి, మెమరీ దాటి రాసేసుకుని, సెక్యూర్ బూట్ మొత్తాన్ని రాసినవాడి చేతిలో పెట్టేది. ఆ ఫైలు పైభాగంలో దీన్ని చేత్తో మార్చకండి అని రాసి ఉంటుంది. అభ్యర్థనకు తాళం బలం లేదు కదా. దిద్దుబాటు కూడా ఊరికే రాదు: ఆ లోపానికి వచ్చిన సవరణ వేసుకున్న రెడ్ హ్యాట్, సెంట్‌ఓఎస్ సర్వర్లు కొన్ని ఆ వారమే అసలు లేవలేదు. ఇక 2024 జులైలో బైనార్లీ పరిశోధకులు బయటపెట్టిన పీకేఫెయిల్ అయితే హాస్యానికి హాస్యం, విషాదానికి విషాదం. వందల మోడళ్ల యంత్రాల్లో అన్నిటికీ మూలమైన తాళం, పరీక్షల కోసం ఇచ్చిన ఉత్తుత్తి తాళం. దాని పేరులోనే దీన్ని నమ్మవద్దని ఇంగ్లిషులో స్పష్టంగా రాసి ఉంది. తయారీదారులు తీసి తమది పెట్టుకోవాలి, పెట్టుకోలేదు. గొలుసు లెక్క ప్రకారం ఆ యంత్రాల్లో అంతా సక్రమమే. చదివే సాక్షి లేకపోతే మూలం తన గుట్టు తానే చెప్పుకున్నా వినేవాడుండడు.

మూలాన్ని తీసెయ్యలేం గానీ, చదవగలిగినంత చిన్నది చేయవచ్చు. గిక్స్ ప్రాజెక్టు 2023లో చూపించింది ఇదే. 357 బైట్ల గింజను ముందే తయారైన రూపంలో తీసుకుని, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా చిన్న అసెంబ్లర్లు, చిన్న కంపైలర్లు, చివరికి జీసీసీ అనే పెద్ద కంపైలరు దాకా అన్నీ మూలకోడు నుంచే కట్టుకుంటూ వచ్చింది. కింద దాన్ని నడిపే కెర్నలూ ప్రాసెసరూ ఇంకా నమ్ముకోవలసినవే, అది వాళ్లూ దాచలేదు. అయినా 357 బైట్లంటే ఓపికున్న మనిషి ఒక పూటలో అక్షరం అక్షరం చదివి, ఇందులో ఏముందో నాకు తెలుసు అని తన పేరు మీద చెప్పగలిగినంత. థాంప్సన్ మోసానికి డేవిడ్ వీలర్ ఇచ్చిన విరుగుడూ ఈ కోవదే: సంబంధం లేని రెండో కంపైలరుతో కట్టి ఫలితాలు పోల్చడం, అంటే తక్కెడను ఇంకో తక్కెడతో చూడటం.

భక్తుడి అభ్యంతరం ఇంకా మిగిలి ఉంది, అన్నిటికన్నా బరువైనది అదే. రద్దు చేసే వీలు పెట్టుకుని నమ్మితే అది శ్రద్ధ అవుతుందా, బేరం అవుతుంది గానీ? శ్రద్ధకు మొదటి గుణం వెనుదీయకపోవడం కదా? ఇది కొట్టిపారేసే మాట కాదు. ప్రతి రీబూట్‌కూ మూలాన్ని అనుమానించే సర్వరు ఏ పనీ చేయలేదు, ప్రతి ఉదయం గురువును కొత్తగా పరీక్షించే శిష్యుడు ఏ పాఠమూ నేర్వలేడు. వ్యాసరాయలు చెప్పిందీ అడ్డొచ్చినప్పుడే పరీక్ష అని. కానీ అడ్డొచ్చినప్పుడు కూడా పరీక్ష వద్దనడం ఆయన సంప్రదాయమూ కాదు. మధ్వుడు తనకు సన్యాసమిచ్చిన అచ్యుతప్రేక్షుడి అద్వైతాన్నే ఎదిరించాడు, ఆ గురువే చివరికి శిష్యుడి మతంలోకి వచ్చాడని సంప్రదాయం చెబుతుంది. రామానుజుడికి యాదవప్రకాశుడితో జరిగిందీ ఇలాంటిదే. ఏ తాళాన్ని మార్చకూడదని అనుయాయులు పట్టుబడతారో, ఆ తాళం అక్కడికి వచ్చిందే అంతకు ముందున్నదాన్ని ఒకరు మార్చడం వల్ల. ముదిగుబ్బ నుంచి కదిరి దాటి వెళ్తే కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. జీవితమంతా అరువు నమ్మకాలను ఎండగట్టినవాడిగా పేరు పడ్డ ఆయన సమాధి దగ్గరా జనం మొక్కుకుంటారు. అందులో వైరుధ్యం వెతకడం నాకిష్టం లేదు. ఆయన మాటకు ఆయన పేరే పూచీగా నిలబడింది, ఎవరైనా ఎదురు తిరిగి ఒప్పుకోనని అనగలిగిన మాట అది.

ఇక మూలం మార్చడమన్నది ఊహకు వదిలేసిన ప్రశ్న కూడా కాదు. లినక్స్ యంత్రాల్లో షిమ్‌కు ఆధారమైన మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రం 2011 నాటిది, దాని మీద రాసిన గడువు 2026 జూన్. దాని స్థానంలోకి 2023 నాటి కొత్తవి రావాలి. పాత ధ్రువపత్రంతో సంతకమైన షిమ్ ఆ రోజుతో ఆగిపోతుందని కాదు, కొత్త షిమ్‌లు కొత్త తాళంతోనే వస్తాయి. తయారీదారు ఇంకా పట్టించుకునే సర్వర్లకు ఆ తాళం ఫర్మ్‌వేర్ సవరణతో చేరుతుంది. తయారీదారు వదిలేసినవాటికి ఎవరో ఒకరు సెటప్ తెరలోకి వెళ్లి, చేత్తో చేర్చి, ఏ యంత్రానికి ఏ రోజు ఎవరు చేర్చారో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.